మూతలు తీసిన డబ్బాలు

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఉట్నూరు జీపు ఇచ్చోడలో ఫజలుద్దీన్ ఇంటి ముందు ఆగింది. నూరీన్ అన్న ముకర్రం దిగాడు. చెల్లెల్ని తీసుకుపోవడానికి వచ్చానని గడప అవతలి నుంచే చెప్పాడు.

అప్పటికి ఫజలుద్దీన్ భార్య షాజాదీ బేగం పొయ్యి మీద చాయ్ పెట్టింది. జీపు చప్పుడు విని, కోడలిని చూసిపోవడానికి ఆమె అన్న వచ్చాడనుకుని, గిన్నెలో ఇంకో గ్లాసెడు పాలు పోసింది.

"లోపలికి రా బేటా. జర కూసో," అంది.

"కూసునేందుకు రాలే ఖాలా. నూరీన్ ఏది?"

"ఇప్పుడే కన్నంటుకున్నది. రాత్రంతా కడుపునొప్పే దానికి."

"లేపుండ్రి. బట్టలు సదురుకొమ్మనుండ్రి."

ఫజలుద్దీన్ కుర్చీలోంచి లేచాడు. హైవే పక్కన పైపులు, మోటార్లు అమ్మే దుకాణం ఆయనది. బేరానికి వచ్చినవాడు ఎంత అరిచినా గొంతు పెంచని మనిషి.

"ముకర్రం మియా, ఆడపిల్ల పానం బాగలేనప్పుడు గిట్ల జీపేసుకొచ్చి వాకిట్ల నిలబడుడు ఏం పద్ధతి?"

"పద్ధతి నన్నడుగుతున్నరా చాచా? నిన్న నా చెల్లె బీరువా గుంజి బట్టలు కింద పోసిందెవరు? దాని బ్యాగుల చెయ్యి పెట్టిందెవరు? కిరాణా దుకాణపాయనకు ఫోన్ చేసి, మా ఆమె బిస్కట్లు కొంటదా అని అడిగిందెవరు?"

షాజాదీ బేగం చేతిలో చాయ్ వడగట్టే జాలి అట్లాగే ఉండిపోయింది.

"ఏ బీరువా?" అంది.

శనివారం మధ్యాహ్నం ఆమె ఇంట్లో లేదు. దావత్‌కు కిరాయికి తెచ్చిన వంట డేగ్చీలు వాపసు ఇవ్వడానికి పోయింది. తిరిగి వచ్చేసరికి నూరీన్ గది తలుపు వేసి ఉంది. పడుకుందనుకుని, వెళ్ళేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ సైగలతోనే మాట్లాడమని చెప్పింది.

నూరీన్ భర్త సాద్ స్నానాల గది దగ్గర భుజం మీద తువ్వాలతో నిలబడి ఉన్నాడు. ఆమె కొడుకు వైపు తిరిగింది.

"సాద్, ఏ బీరువా రా?"

"మా బీరువానే. నా ఇంట్ల నా బీరువా నేను తీయొద్దా?"

"ఏం దొరికింది మరి?" అడిగాడు ముకర్రం. "చెప్పు సాద్ మియా. బిస్కట్ దొరికిందా? బ్రెడ్డు దొరికిందా?"

సాద్ తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. మొహం అప్పటికే ఆరి ఉంది.

"దొరకలే," అన్నాడు.

శుక్రవారం జరిగింది ఊరందరికీ తెలుసు. ఫజలుద్దీన్ కూతురు ఇఖ్రాకు మంగ్నీ, పెళ్ళి నిశ్చయం. నిర్మల్ నుంచి పెళ్ళికొడుకువాళ్ళు వచ్చారు. దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి అందరూ భోజనానికి కూర్చున్నాక, రొట్టెల పళ్ళెం తెస్తూ నూరీన్ వాళ్ళ మధ్యలోనే పడిపోయింది. ఆదిలాబాద్ తీసుకుపోయి సెలైన్ ఎక్కించారు. రక్తం తీసి పరీక్ష చేశారు.

నూరీన్ జబ్బు పేరు సీలియాక్. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం ఆమె పేగును తినేస్తుంది. పెళ్ళయిన ఏడాదికి ఆ సంగతి బయటపడింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో గోధుమ లేదు. గ్లూటెన్ మానితే రక్తపరీక్షలో ఒక అంకె దిగుతూ రావాలి. శుక్రవారం చూస్తే దిగలేదు. పెరిగింది.

డాక్టరమ్మ మూడు మాటలు చెప్పింది. "ఈ అమ్మాయి చాటుకన్నా తింటుండాలె, లేకుంటే తెలువకుండ ఎవరన్నా పెడుతుండాలె. రెండూ కాకుంటే ఇంకా పెద్ద రోగమేమో, హైదరాబాదుల చూపియ్యుండ్రి."

సాద్ మొదటి మాట పట్టుకున్నాడు. ముకర్రం రెండో మాట పట్టుకున్నాడు. మూడో మాట ఎత్తడానికి ఇద్దరికీ ధైర్యం లేదు.

"నా చెల్లె అబద్ధం ఆడదు," అన్నాడు ముకర్రం. "చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి, ఎగ్గొట్టిన అని ఇంటికొచ్చి తనే చెప్పేది. దెబ్బలు నేను తినేటోన్ని, దాన్ని చూసుకోలేదని. అది తినలే అంటే తినలే. మరి ఎవరు పెడుతున్నరు?"

"ఎవరిని అంటున్నవ్ భాయ్?" అన్నాడు సాద్.

"పేరు పెట్టి అంటలే. ఈ ఇంట్ల పొయ్యికాడ ఎవరుంటరో మీకే తెలుసు."

చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. ఇఖ్రా పరుగెత్తుకొచ్చి గ్యాస్ ఆపింది. షాజాదీ బేగం పక్కకు జరగలేదు. ముకర్రం అన్నది తననే అని తెలియడానికి ఆమెకు అంతసేపు పట్టింది.

"నన్నా?" అంది.

ముకర్రం తలుపు చెక్క వైపు చూస్తున్నాడు.

"నన్నేనా బేటా నువ్వంటున్నది?"

"ముకర్రం మియా, మాట వాపసు తీసుకో," అన్నాడు ఫజలుద్దీన్. ఆయన గొంతు పెరిగింది. ఇఖ్రా తండ్రి వైపు తిరిగి చూసింది. ఆ ఇంట్లో ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు.

ప్రహరీ అవతలి నుంచి పక్కింటి చంద్రవ్వ కేకేసింది. "ఏమైందక్కా? జీపెవరిది? పిల్ల మళ్ళ చక్కరొచ్చి పడిందా?"

"ఏం కాలే చంద్రవ్వా. చుట్టాలొచ్చిన్రు," అంది షాజాదీ బేగం. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది.

ఆ చంద్రవ్వ ఇంటికే ఆమె తన గోధుమపిండి డ్రమ్ము ఇచ్చేసింది. రొట్టెల పీట, కర్ర కూడా ఇచ్చింది. పాత పెనం పారేసి కొత్తది కొన్నది. గిర్నీలో గోధుమలు పట్టిన రాయి మీదే జొన్నలూ పడతారని, ఆ పిండి నూరీన్‌కు పనికిరాదని తెలిసి, మొగుడితో వారం రోజులు కొట్లాడి ఇంట్లోకి పిండి పట్టుకునే చిన్న కరెంటు చక్కీ తెప్పించింది. రంజాన్ పండక్కి షీర్ ఖుర్మాలో సేమ్యా వేయలేదు. తను పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో సేమ్యా లేని పండగ అదే మొదలు.

మంగ్నీ నాడు నాన్‌లు లేవు, సమోసాలు లేవు, డబుల్ కా మీఠా లేదు. బగారా అన్నం, దాల్చా, వేయించిన మాంసం, ఖుబానీ కా మీఠా, బియ్యపురవ్వ ఫిర్నీ. రొట్టెలు జొన్నవి, చంద్రవ్వ వచ్చి చేసింది. పెళ్ళికొడుకు మేనత్త పళ్ళేలన్నీ ఒకసారి చూసి, "షాజాదీ ఆపా, ఇది మంగ్నీ దావతా, బీమారోళ్ళ పత్యమా?" అన్నది. అందరూ నవ్వారు. షాజాదీ బేగం కూడా నవ్వింది.

"మా కోడలు తినంది మా దస్తర్‌ఖాన్ మీద ఉండదు బహెన్," అని జవాబు చెప్పింది. ఆ తర్వాత కొద్దిసేపటికే నూరీన్ పడిపోయింది.

ఇప్పుడు ఆమె చాయ్ జాలి కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"చెప్పులు విడువు," అంది ముకర్రంతో. "విడిచి వంటింట్లకు రా. నా వంటింట్ల ఏమున్నదో నువ్వే చూద్దువు. ఒక్క డబ్బ దాచుకున్నట్టు నీకు అగుపడితే నీ చెల్లెను ఎక్కించుకపో. నేను అడ్డం రాను."

"నేను గట్ల అనలే ఖాలా..."

"అన్నవ్. అన్నంక చూడాలె. రా."

ముకర్రం చెప్పులు విడిచాడు.

ఆమె నేల మీద చాప పరిచింది. అరల్లోంచి డబ్బాలు దించుతూ ఒక్కొక్కటే చాప మీద పెట్టింది. ఇఖ్రా సాయం చేయబోతే, "నువ్వు ముట్టకు, నా చేతులతోనే చూపియ్యాలె," అంది. అలికిడికి నూరీన్ లేచి వచ్చింది. వంటింటి తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. సెలైన్ సూది గుచ్చిన చోట దూది అట్లాగే అంటుకుని ఉంది.

"భాయ్, ఏందిది? అమ్మీతోని డబ్బలెందుకు తీపిస్తున్నవ్?"

"నేను తీయమనలే. ఆమెనే తీస్తున్నది."

"కూసో నూరీన్," అంది షాజాదీ బేగం తిరగకుండానే. "నీకూ తెలియాలె."

షాజాదీ బేగం నాందేడ్‌లో పుట్టింది. ఆమె మాట దక్కనీ ఉర్దూ. నూరీన్ ఉట్నూరులో తెలుగు బడిలో చదువుకుంది. ఆమె నాలుకకు తెలుగే దగ్గర. కోడలు వచ్చాక అత్త కూడా ఇంట్లో తెలుగే మాట్లాడుతోంది. వంటింట్లో సరుకుల పేర్లు మాత్రం దక్కనీలోంచి బయటకు రాలేదు. అవి నోటికి కాదు, చేతికి అలవాటైన పేర్లు.

ఆమె మొదటి మూత తీసింది.

"చావల్ కా ఆటా. బియ్యప్పిండి. నేనే కడిగి ఆరబోసి పట్టిన."

ముకర్రం వంగి చూసి తలాడించాడు.

"మక్క. ఇది బేసన్, శనగలు తెచ్చి ఇంట్లనే పట్టిన, బయటిదాంట్ల ఏం కలుపుతరో అని. ఇది సాబుదానా. ఇది బాజ్రా, చలికాలం మిగిలింది. ఇది జవారి, మొన్న దావత్ జొన్నరొట్టెలు దీనివే."

"ఇంగువ?" అడిగాడు సాద్ గుమ్మంలోంచి. అందరూ అతని వైపు చూశారు. "దాంట్ల కూడ గోధుమపిండి కలుపుతరని డాక్టరమ్మ చెప్పింది."

"నువ్వు చెప్పిన నాడే పారేసిన," అంది తల్లి. "నువ్వు చెప్పింది ఒక్కటి ఇడువలే నేను."

ఆమె స్టూలు ఎక్కి పై అరలోంచి స్టీలు డబ్బా ఒకటి దించింది. మూత బిగుసుకుని ఉంది. గోటితో లేపింది.

"ఇది జౌ. దీనికి పానం బాగలేనప్పటి సంది పొద్దున పొద్దున ఇదే తాగిస్తున్న. పాలల్ల కాచి, ఖజూర్ వేసి. రోగం మనిషికి ఇంతకన్న బలం లేదు. సాద్ పుట్టినప్పుడు మా అమ్మ నాకు నలభై రోజులు ఇచ్చింది."

"జవారి ఇందాకనే చూపించినవ్ కదమ్మీ," అన్నాడు సాద్.

"అది జవారి. ఇది జౌ."

"రెండూ ఒకటే కదా?"

"ఒకటెట్లయితయి రా?" ఆమె నవ్వింది. ఆ ఉదయం ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి. "జౌ, జవారి ఒకటనేటోడు నా కొడుకెట్లయిండో!"

సాద్ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. "నువ్వు నాకు ఫోన్ చేసి అడిగినవ్. నేను ఆదిలాబాద్ బస్టాండుల ఉన్న. నూరీన్‌కు జవారి తాగియ్యొచ్చా అని అడిగినవ్. నేను తాగియ్యమన్న."

"జవారి అనలే. జౌ అన్న."

"జవారి అన్నవమ్మీ."

"జవారి తాగుతరారా ఎవరన్నా పాలల్ల? జౌ అన్న. నువ్వు 'మంచిదే, రోజూ ఇయ్యి' అన్నవ్. వెనకాల బస్సు హారన్ కొడుతున్నది. గది కూడ యాదికున్నది నాకు."

నూరీన్ తలుపు చెక్క వదిలి చాప అంచున కూర్చుంది.

"అమ్మీ," అంది. "మీరు రోజూ పొద్దుగాల ఇచ్చేది జావ కదా?"

"జౌ."

"నేను జావ అనుకున్న. జొన్నజావ. మీ నోట్ల జౌ అని పలుకుతున్నదనుకున్న."

షాజాదీ బేగం కోడలి మొహం చూసింది. తర్వాత కొడుకు మొహం చూసింది. డబ్బా మూత ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"దీన్ని తెలుగుల ఏమంటరు?" అడిగాడు ముకర్రం.

షాజాదీ బేగానికి తెలియదు. ఆమె మొగుడి వైపు చూసింది. నాందేడ్ పోయినప్పుడల్లా ఆ గింజలు తెచ్చేది ఫజలుద్దీనే.

"జౌ అంటే జౌనే," అన్నాడు ఆయన. "తెలుగుల నేనెప్పుడు కొన్న?"

"గింజలున్నయా అమ్మీ, పట్టనియి?" అడిగింది నూరీన్.

ఉన్నాయి. గుడ్డసంచీ మూల నుంచి తెచ్చి ఇచ్చింది. నూరీన్ గుప్పెడు తీసి అరచేతిలో పరుచుకుంది. గింజకు నడుమ గీత ఉంది. ఒకటి తీసి గోటితో నొక్కింది. మళ్ళీ అరచేతిలో వేసుకుంది.

"భాయ్," అంది తల ఎత్తకుండా. "మన పెద్దమ్మకు కాళ్ళు ఉబ్బితే ఏం మరగబెట్టి తాగిస్తుండె?"

ముకర్రం వంగి చూశాడు.

ఇఖ్రా అప్పటికే ఫోనులో వెతుకుతోంది. "జౌ..." అని చదివింది. ఆగింది. "బార్లీ," అంది. ఫోను బోర్లించి ఒడిలో పెట్టుకుంది.

బార్లీ అన్న మాట షాజాదీ బేగానికి తెలుసు. ఎక్కడ విన్నదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కొంచెంసేపు కళ్ళు మూసుకుంది.

"సాద్," అంది. "ఆస్పత్రి నుంచి వచ్చిన నాడు నన్ను గిక్కడనే కూసోబెట్టి చెప్పినవ్. ఏమేం వద్దన్నవ్?"

"అమ్మీ, ఇప్పుడవన్నీ..."

"చెప్పు."

"గేహూ. మైదా. సూజీ. సేమ్యా." సాద్ ఆగాడు. "బార్లీ."

"బార్లీ ఏందిరా అని అడిగిన నిన్ను. అడిగిన్నా లేదా?"

"అడిగినవ్."

"నువ్వేమన్నవ్?"

సాద్ తువ్వాల భుజం మార్చుకున్నాడు.

"ఏమన్నవో గీళ్ళందరి ముందట చెప్పు."

"పట్నపోళ్ళు తాగేదన్న. సీసల వస్తదన్న. మన ఇంట్ల అది రాదన్న."

ఫజలుద్దీన్ వంటింటి గుమ్మం మీద కూర్చున్నాడు. ఆయన గుమ్మం మీద కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

నూరీన్ ఒళ్ళో గింజలు పోసుకుని చక్కీ వైపు చూస్తోంది. అది కిటికీ కింద బల్ల మీద ఉంది. షాజాదీ బేగం దాని మీద పూల గుడ్డ కప్పింది.

"అమ్మీ, జౌ ఎక్కడ పట్టిచ్చిన్రు?"

"ఇంట్లనే."

"దాంట్లనేనా?"

"ఇంకో చక్కీ ఎక్కడున్నది మన ఇంట్ల?"

ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక షాజాదీ బేగానికి అర్థమైంది. ఆమె చాప మీది డబ్బాల వైపు చూసింది. బియ్యప్పిండి. మక్క. బేసన్. బాజ్రా. జవారి. గిర్నీ రాయి మీద గోధుమ తగిలిందని వద్దనుకుని తెచ్చిన చక్కీ. అన్నీ అందులోనే పట్టింది. మంగ్నీ నాటి జొన్నరొట్టెల పిండి, జౌ పట్టిన మరుసటి రోజు పట్టింది.

ఆమె ఒక్కో డబ్బాకు మూత పెట్టడం మొదలుపెట్టింది. బియ్యప్పిండి మూత మక్క డబ్బాకు పెట్టింది. అది పట్టలేదు. మళ్ళీ నొక్కింది. ఇఖ్రా ఆమె చేతిలోంచి మూత తీసుకుంది.

"నా చేతులతోని," అంది షాజాదీ బేగం. "రోజూ. తాగలేనంటే గదువ పట్టి తాగిపిచ్చిన."

"ఖాలా," అన్నాడు ముకర్రం. "నేనన్నది... నేను గిట్ల అనుకొని అనలే."

"నువ్వన్నది నిజమే కదా బేటా. ఎవరో పెడుతున్నరన్నవ్. నేనే పెట్టిన."

"తెలిసి పెట్టలే కదా."

"తెలిసి పెట్టలే. పెట్టిన."

సాద్ గట్టిగా ఊపిరి వదిలాడు. గోడకు ఆనుకున్నవాడు నిటారుగా నిలబడ్డాడు.

"సరే, దొరికింది కదా," అన్నాడు. "ఇప్పటిదాక ఏందో తెల్వక పరేషాన్ అయినం. ఇప్పుడు తెలిసింది. పెద్ద రోగం లేదు, ఏం లేదు. చక్కీ పారేద్దాం. డబ్బలన్ని పారేద్దాం. కొత్తయి తెస్త. భాయ్, నువ్వు అన్నం తిని పో. నూరీన్ ఎక్కడికి పోతది ఇంక?"

నూరీన్ ఒళ్ళోని గింజలు సంచిలో పోసింది. ఒకటి రెండు చాప మీద పడ్డాయి. వాటినీ ఏరి సంచిలో వేసింది.

"నేను చాటుకు తినలేదని నీకు ఎప్పుడు తెలిసింది?" అని సాద్‌ను అడిగింది.

"ఇప్పుడే కదా. నీ ముందటనే."

"నిన్న నేను చెప్పినప్పుడు తెల్వలే."

"నిన్న డాక్టరమ్మ మాట ఉండె నూరీన్. నా జాగల ఎవరున్నా..."

"డాక్టరమ్మ గదొక్కటే అనలే. ఎవరన్నా పెడుతున్నరేమో అని కూడ అన్నది. నువ్వు వంటింట్లకు పోయి ఒక్క డబ్బ మూత తీయలే. నా బీరువా తీసినవ్. నా లోపలి బట్టలు దులిపినవ్. ఇఖ్రా గుమ్మంల నిలబడి చూస్తున్నది."

ఇఖ్రా తల దించుకుంది. షాజాదీ బేగం కూతురు వైపు తిరిగింది.

"నువ్వు చూసినవా?"

"చూసిన అమ్మీ."

"నాకెందుకు చెప్పలే?"

"భయ్యా వద్దన్నడు."

సాద్ భార్య దగ్గరికి ఒక అడుగు వేశాడు. "తప్పయింది. అంటున్న కదా. ఇంకేం చెయ్యాలె నేను? అందరి ముందట చెవులు పట్టుకోవాన్నా?"

"వద్దు," అంది నూరీన్. "బట్టలు సదిరిన. నిన్న నువ్వు కింద పోసినయి మడత పెట్టుకుంట పెట్టుకుంట సంచిల పెట్టిన. బీరువాల పెట్టబుద్ధి కాలే."

ముకర్రం లేచాడు. "పద," అన్నాడు. చెల్లెలి రెక్క పట్టుకుని లేపాడు. ఆమె లేచి నిలబడింది గానీ కదలలేదు.

"అక్కడ నాకు వండేదెవరు భాయ్?"

"మీ వదిన లేదా?"

"మనింట్ల రెండు పూటలు గోధుమరొట్టెలే. పిల్లలు బ్రెడ్డు తిన్న చేత్తోనే అన్ని గిన్నెలల్ల చేతులు పెడతరు. వదిన ఎన్నని చూస్తది? చూస్తది రెండు రోజులు. మూడో రోజు ఇసిగిపోతది. నేనైనా ఇసిగిపోత."

"మరి ఏమంటవ్? పోదామంటవా, ఉంటనంటవా?"

నూరీన్ అత్త వైపు తిరిగింది. షాజాదీ బేగం ఇంకా నేల మీదే ఉంది.

"అమ్మీ, మీరు రాండ్రి నాతోని."

షాజాదీ బేగం సరిగా వినలేదేమో అన్నట్టు చూసింది. "నేనా?"

"మీరే."

"నేను పెట్టిందే కదా నిన్ను పండబెట్టింది."

"మీకు తెల్వక పెట్టిన్రు. ఇప్పుడు మీకు తెలుసు. భాయ్ ఒక్క మాట అంటే అన్ని డబ్బలు తెచ్చి ముందట పెట్టిన్రు. నాకు ఇంకెవరి చేతి కూడు తినేందుకు ధైర్యం లేదు."

"నూరీన్, బేటీ," అన్నాడు ఫజలుద్దీన్ గుమ్మం మీది నుంచి. "కోపంల ఉన్నవ్. సమజ్ అవుతున్నది. కని గిదెక్కడన్నా ఉన్నదా? కోడలు అలిగి పుట్టింటికి పోతే అత్త వెనకాల సంచి పట్టుకొని పోతదా? ఇచ్చోడ బజారంతా నవ్వుతది."

"నవ్వితే నవ్వని," అంది నూరీన్.

"నీకేం, నవ్వని అంటవ్. బుధవారం నిర్మలోళ్ళు పెండ్లి తారీఖు పెట్టుకునేందుకు వస్తున్నరు. ఇప్పటికే దావత్‌ల కోడలు పడిపోయిందని, ఈ ఇంట్ల ఏం నడుస్తుందో అని వాళ్ళ ఆడోళ్ళు అనుకుంటున్నరట. బుధవారం వచ్చి చూస్తే ఇంట్ల కోడలు లేదు, అత్త లేదు. ఇఖ్రా సంగతి ఏం కావాలె?"

షాజాదీ బేగం కూతురు వైపు చూసింది. ఇఖ్రా మూతలన్నీ సరిచూసి డబ్బాలకు పెడుతోంది.

"అమ్మీ," అంది ఇఖ్రా. "వాళ్ళొచ్చి మీ అమ్మేదని అడిగితే నేనేం చెప్పాలె?"

పోవద్దని ఆమె అనలేదు. పొమ్మనీ అనలేదు. ప్రశ్న మాత్రమే అడిగింది. ఆ పిల్ల మంగ్నీ కోసం షాజాదీ బేగం రెండు రోజులు నిద్రపోలేదు.

ఆమె నేల మీద చెయ్యి ఆనించి లేచింది. కుళాయి తిప్పి మోచేతుల దాకా కడుక్కుంది. సబ్బు పెట్టి మళ్ళీ కడుక్కుంది. గోళ్ళ సందుల్లో కూడా రుద్దుకుంది. తడి చేతులతోనే తన గదిలోకి పోయింది.

ముకర్రం బయటికి పోయి జీపు వెనక తలుపు తీశాడు. నూరీన్ సంచి లోపల పెట్టాడు. నూరీన్ ఎక్కి కూర్చుంది. ఫజలుద్దీన్ వంటింటి గుమ్మం మీది నుంచి లేచి వీధి గుమ్మం మీద కూర్చున్నాడు. చంద్రవ్వ ప్రహరీ మీద నుంచి తల పెట్టి చూస్తోంది.

షాజాదీ బేగం బురఖా వేసుకుని వచ్చింది. చేతిలో ఏమీ లేదు. ఫజలుద్దీన్ గుమ్మం మీద ఉన్నాడు గనుక ఆమె ఆగాల్సి వచ్చింది.

"జరుగుండ్రి," అంది.

"ఆలోచించినవా?"

"లేదు. ఆలోచిస్తే పోలేను."

ఆయన కాళ్ళు పక్కకు తీసుకున్నాడు.

సాద్ ఆమె వెనకే జీపు దాకా వచ్చాడు. "అమ్మీ, నువ్వు ఎక్కితే తప్పంతా నాదే అని ఊరికి చెప్పినట్టయితది. జర నా గురించి కూడ సోంచాయించు."

"ఇంకా నీ ఫికర్ నీదేనా?" అంది ఆమె. "మేకపిల్లకు తాగించినట్టు తాగించిన దానికి నేను. ఒక్కనాడు కూడ రుచి చూడలే, ఏముందో దాంట్ల అని. నీకు తప్పు ఎవరిదో తేల్చాల్నా?"

ఆమె ఎక్కి నూరీన్ పక్కన కూర్చుంది. నూరీన్ జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ముకర్రం ముందుకు పోయి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఇఖ్రా గడపలోకి వచ్చి నిలబడింది.

సాద్ జీపు వెనక తలుపు పట్టుకున్నాడు. ముకర్రం అద్దంలో చూసి, "ఇడువు సాద్ మియా," అన్నాడు. ఇంజను స్టార్టు చేశాడు.

సాద్ చెయ్యి తీయలేదు.